ఫోన్ సైజు స్పిట్‌ఫైర్: నాచారం గదిలో ఓ హైదరాబాద్ యుద్ధ విమానం

ఫోన్ రివ్యూలు రాసేవాడి టేబుల్ మీద యుద్ధ విమానం ఏం చేస్తోందని మీకు డౌట్ రావచ్చు. నిజం చెప్పాలంటే అది కెమెరా టెస్ట్ కోసం వచ్చింది. మ్యాక్రో మోడ్ చెక్ చేయాలంటే ప్రతిసారీ అదే మందార పువ్వు, అదే పది రూపాయల బిళ్ల. చూసేవాళ్లకీ బోరు, తీసేవాడికీ బోరు. చిన్నగా ఉండి, లోపల బోలెడంత డీటెయిల్ ఉండే వస్తువు ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతుంటే ప్లాస్టిక్ మోడల్ కిట్ కనిపించింది. 1/72 స్కేల్ స్పిట్‌ఫైర్ మార్క్ 1.

అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకి 11.23 మీటర్లు. దాన్ని 72తో భాగిస్తే 15.6 సెంటీమీటర్లు. మీ చేతిలో 6.7 అంగుళాల ఫోన్ ఉంటే దాని పక్కన పెట్టి చూడండి, ఇంచుమించు అదే పొడవు. ఈ 72 లెక్క ఎక్కడిదంటే, ఆరు అడుగులు అంటే 72 అంగుళాలు. అంటే ఆరడుగుల మనిషి ఈ స్కేల్‌లో సరిగ్గా ఒక్క అంగుళం.

రెండు వారాల్లో అయిపోతుందనుకున్నా. నాలుగు నెలలు పట్టింది. ఒకసారి మొత్తం రెక్క మళ్లీ పెయింట్ చేయాల్సి వచ్చింది. ఈలోపు ఉప్పల్‌లో మా మామ దగ్గర నేర్చుకున్న సంగతులు ఏ యూట్యూబ్ ఛానెల్‌లోనూ లేవు. అందుకే ఈ ఆర్టికల్.

ఇది మన ఊరి పేరున్న విమానం

కిట్ పెట్టెలో వచ్చిన స్టిక్కర్లు (మోడల్ భాషలో డీకాల్స్) అతికించి ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఏ స్క్వాడ్రన్ విమానం చేయాలా అని వెతుకుతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయా. 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్, రాయల్ ఎయిర్ ఫోర్స్.

అవును, మన హైదరాబాదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డబ్బుతో వచ్చిన బాంబర్లు 110 స్క్వాడ్రన్‌కి వెళ్లాయి, దానికి హైదరాబాద్ పేరు పెట్టారు. రెండో యుద్ధంలో ఇంకో రెండు చేరాయి. హరికేన్లు నడిపిన 253, స్పిట్‌ఫైర్లు నడిపిన 152. 152 స్క్వాడ్రన్ 1939 అక్టోబర్‌లో మళ్లీ మొదలై, 1940 మొదట్లో స్పిట్‌ఫైర్లు అందుకుంది. జూలైలో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ అనే ఎయిర్‌ఫీల్డ్‌కి మారింది. పోర్ట్‌ల్యాండ్ నౌకా స్థావరాన్ని కాపాడటం దాని ప్రధాన డ్యూటీ. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ మొత్తం అక్కడే. విమానాల పక్కన రాసే కోడ్ అక్షరాలు 'యూఎం'. స్క్వాడ్రన్ చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా, దస్తార్. మోటో 'ఫెయిత్‌ఫుల్ ఆల్లీ', అంటే నమ్మకమైన మిత్రుడు. బ్రిటిష్ వాళ్లు నిజాంకి ఇచ్చిన బిరుదు కూడా అదే.

ఇది చదివినప్పుడు మొదట గర్వంగా అనిపించింది, ఒప్పుకుంటా. కాసేపటికి ఇంకో ఆలోచన. ఆ రోజుల్లో ఒక స్పిట్‌ఫైర్ 'బహుమతి'గా ఇవ్వాలంటే లెక్కకి పెట్టుకున్న ధర 5,000 పౌండ్లు. సంస్థానం పెద్దది, ఖజానా పెద్దది, కానీ ఆ ఖజానాలో మన ముత్తాతలు కట్టిన శిస్తు కూడా ఉంది కదా. ఆ డబ్బుతో ఎగిరిన విమానాన్ని వాళ్లలో ఎంతమంది చూసి ఉంటారు? ఇంకో తమాషా ఏంటంటే, పరాయి దేశం ఆకాశాన్ని కాపాడిన మూడు స్క్వాడ్రన్లకి పేరిచ్చిన హైదరాబాద్‌కి 1948 సెప్టెంబర్ నాటికి సొంతంగా ఒక ఎయిర్ ఫోర్స్ లేదు. ఆపరేషన్ పోలోలో మన మీద ఎగిరినవి భారత వైమానిక దళం టెంపెస్ట్‌లు.

152 ఆ తర్వాత ట్యునీషియా, సిసిలీ, ఇటలీ తిరిగి 1943 చివర్లో బెంగాల్ వైపు వచ్చింది, అక్కడి నుంచి బర్మా యుద్ధం. అప్పటి మార్క్ 8 స్పిట్‌ఫైర్ల మీద రౌండెల్ దాటుకుని దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. చూడటానికి అదిరిపోతుంది. రౌండెల్ మధ్యలో ఎరుపు రంగు ఉండదు, జపాన్ విమానాల ఎర్ర చుక్క అనుకుని మనవాళ్లే కాల్చేస్తారని తీసేశారు. నేను కూడా ముందు ఆ చిరుతనే చేద్దామనుకున్నా. చివరికి 1940 విమానానికే ఫిక్స్ అయ్యా. కారణం దాని పొట్ట కింద వేసిన రంగు. ఆ సంగతికి తర్వాత వస్తా.

టూల్స్ సగం మీ దగ్గరే ఉన్నాయి

మీరు ఎప్పుడైనా ఫోన్ విప్పి బ్యాటరీ మార్చి ఉంటే, మోడల్ కిట్‌కి కావాల్సిన సామాను సగం మీ ఇంట్లోనే ఉంది. సన్న మొన ట్వీజర్లు, సర్జికల్ బ్లేడు, కటింగ్ మ్యాట్, హెడ్ మ్యాగ్నిఫయర్, బోర్డు క్లీన్ చేసే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఈ ఆల్కహాల్‌తో తప్పుగా పడిన యాక్రిలిక్ పెయింట్ తుడిచేయొచ్చు. యూవీ టెంపర్డ్ గ్లాస్‌తో పాటు వచ్చే చిన్న లైట్‌ని పారేయకండి, యూవీ రెసిన్ గట్టిపడటానికి పనికొస్తుంది.

కొనాల్సింది ముఖ్యంగా ప్లాస్టిక్ సిమెంట్. పేరు సిమెంట్ కానీ ఇది నీళ్లలా ఉంటుంది. ఇది అంటించదు, కరిగిస్తుంది. రెండు ముక్కల అంచులు కొద్దిగా కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ద్రావకం ఆవిరయ్యాక ఒకే ముక్క అవుతుంది. ఒక రకంగా వెల్డింగే. ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ వేరే సరుకు. అది గట్టిపడేటప్పుడు వచ్చే ఆవిరి దగ్గర్లో ఉన్న పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. నాకు ఎలా తెలుసంటారా? నా మొదటి కాక్‌పిట్ అద్దం అలాగే పోయింది. తొందరపడి సూపర్ గ్లూతో అతికించి పడుకున్నా, పొద్దున లేచేసరికి పైలట్‌కి శుక్లాలు వచ్చినట్టుంది.

ముక్కలు ఫ్రేమ్ నుంచి కట్ చేసేటప్పుడు ఒకేసారి అంచుకి ఆనించి తుంచకండి. కొంచెం దూరంలో ఒకసారి, మిగిలిన ముల్లుని రెండోసారి, చివర్లో వాటర్ పేపర్. ఇది ఓపిక పని, ఇంతకంటే చెప్పడానికేం లేదు. శరీరం రెండు సగాలు కలిపిన చోట గీత కనిపిస్తుంది, అది పోవాలంటే లప్పం పెట్టాలి. మోడల్ కంపెనీల లప్పం చిన్న ట్యూబు, ధర పెద్దది. నేను వాడింది కార్లకి వాడే ఎన్‌సీ పుట్టీ, మామ షెడ్డులో డబ్బా అడుగున మిగిలింది. పలచగా, పొరలు పొరలుగా పెట్టాలి. ఒకేసారి మందంగా పూస్తే అందులో ఉండే ద్రావకం ప్లాస్టిక్‌నే తినేస్తుంది.

మామ షెడ్డు, 1.4 గన్

మా మేనమామకి ఉప్పల్‌లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది. పాతికేళ్లుగా కార్లు, ఆటోలు, అప్పుడప్పుడు స్కూల్ బస్సులు. నేను ఎయిర్‌బ్రష్ తీసుకెళ్లి చూపిస్తే అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"గిదేందిరా, పెన్నా? గింత దాంతోని ఏం కొడ్తవ్?"

ఆయన గన్ నాజిల్ 1.4 ఎంఎం. నాది 0.3. పని మాత్రం ఒకటే. గాలి వేగంగా పోతుంటే రంగు దాంతో పాటు తుంపరై వెళ్లడం. నా దాంట్లో ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. డ్యూయల్ యాక్షన్ అంటారు. రెండూ వేలి కింద విడివిడిగా కంట్రోల్‌లో ఉంటాయి కాబట్టి పెన్సిల్ గీత అంత సన్నగా వేయొచ్చు.

ఇక్కడ ఒక మినీ రివ్యూ. ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ టైప్-సీ ఛార్జింగ్‌తో కార్డ్‌లెస్ ఎయిర్‌బ్రష్‌లు దొరుకుతున్నాయి. మన లాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి చూడగానే కొనాలనిపిస్తుంది. నేనూ కొన్నా. ట్యాంక్ లేకపోవడం దాని అసలు సమస్య. మోటార్ కొట్టుకునే కొద్దీ గాలి కూడా పల్స్‌లా వస్తుంది, సన్న గీత గీస్తే చుక్కలు చుక్కలుగా పడుతుంది. ప్రెషర్ మార్చుకునే వీలు పెద్దగా లేదు. ప్రైమర్ కొట్టడానికి, వార్నిష్‌కి ఓకే. కెమోఫ్లాజ్‌కి వద్దు. చిన్న ట్యాంక్, రెగ్యులేటర్, తేమ పట్టే ఫిల్టర్ ఉన్న కంప్రెసర్ తీసుకోండి. సౌండ్ తక్కువ ఉన్నది చూసుకోండి, పక్క పోర్షన్ వాళ్లతో గొడవ ఉండదు. 15 నుంచి 20 పీఎస్ఐ చాలు.

ఏప్రిల్‌లో నా గదిలో మొదటి కోటు కొట్టా. ఎండ 40 దాటిన రోజు. రంగు రెక్క మీద పడేలోపు గాల్లోనే ఆరిపోయి, ఉప్పు కాగితంలా గరగరలాడింది. నాజిల్ మొన మీద నిమిషానికోసారి గడ్డ కడుతోంది. వీడియోల్లో వాళ్లంతా చల్లటి దేశాల వాళ్లు, వాళ్లు చెప్పే 'పాలలా పలచగా' అన్న కొలత మన ఎండాకాలానికి సరిపోదు. మామకి చూపిస్తే వేలితో రాసి ఒక్క మాటలో తేల్చేశాడు.

"డ్రై స్ప్రే. ఎండలో స్లో థిన్నర్ కలపాలె. దూరం తగ్గించు. పొద్దుగాల ఆరింటికి కొట్టు."

మూడూ చేశా, మూడూ పనిచేశాయి. మోడల్ రంగుల్లో స్లో థిన్నర్‌కి బదులు రిటార్డర్ అని చుక్కల సీసా ఉంటుంది, అది ఆరే వేగం తగ్గిస్తుంది. వానాకాలంలో దీనికి రివర్స్ ప్రాబ్లం. గాల్లో తేమ ఎక్కువైతే లాకర్ వార్నిష్ తెల్లగా పొగబారుతుంది. అలాంటి రోజు కంప్రెసర్ ఆపేసి ఏదైనా ఫోన్ రివ్యూ రాసుకోవడం మేలు.

దుమ్ము గురించి ప్రత్యేకంగా చెప్పాలా? 1/72లో 0.1 ఎంఎం దుమ్ము కణం అంటే అసలు విమానం మీద 7 ఎంఎం రాయి. నాచారం మెయిన్ రోడ్డుకి దగ్గర్లో ఉండేవాళ్లకి తెలుసు, కిటికీ తెరిస్తే టేబుల్ మీద పేరు రాసుకోవచ్చు. కిటికీ మూస్తే థిన్నర్ వాసన. దీనికి మామ షెడ్డు పద్ధతే వాడా. పెయింట్ కొట్టే ముందు నేల మీద నీళ్లు చల్లడం, కొట్టాక మోడల్ మీద ప్లాస్టిక్ డబ్బా బోర్లించడం.

ఇక థిన్నర్ వాసన విషయం. దీన్ని దాటేసి చదవకండి ప్లీజ్. మామకి ఇప్పుడు రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం. డాక్టర్ మొదట అడిగిన ప్రశ్నే "మీరేం పని చేస్తారు?" అని. పాతికేళ్లు ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని కొట్టాడు, అదీ గుర్తున్నప్పుడు. రుమాలు గానీ, కోవిడ్ టైమ్‌లో మిగిలిన ఎన్95 గానీ రంగు తుంపరని కొంతవరకు ఆపుతాయి, థిన్నర్ ఆవిరిని ఆపవు. ఆవిరికి యాక్టివేటెడ్ కార్బన్ ఉన్న ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ కావాలి, అదీ ముఖానికి గట్టిగా అతుక్కునే రబ్బరు మాస్క్‌కి. వాసన వస్తోందంటే కార్ట్రిడ్జ్ అయిపోయిందని అర్థం, మార్చాలి. మూసిన బెడ్‌రూమ్‌లో లాకర్ కొట్టొద్దు. యాక్రిలిక్ అయినా సరే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకోండి, తుంపర తుంపరే. ఎయిర్‌బ్రష్‌కి బడ్జెట్ వేసుకునేటప్పుడు మాస్క్ లెక్క కూడా అందులోనే కలపండి. నేను రెండు కొన్నా. ఒకటి మామకి.

పొట్ట కింద రంగు

1940 వేసవి స్పిట్‌ఫైర్‌కి పైన డార్క్ గ్రీన్, డార్క్ ఎర్త్ రెండు రంగుల మచ్చలు. కింద 'స్కై' అనే రంగు, లేత ఆకుపచ్చ కలిసిన మీగడలా ఉంటుంది. నేను వాడింది తమియా ఎక్స్ఎఫ్-21, సీసాలోంచి నేరుగా వేస్తే పచ్చదనం కాస్త ఎక్కువే, కొద్దిగా తెలుపు కలిపా.

ఈ స్కై రంగు వెనక ఒక మనిషి ఉన్నాడు. సిడ్నీ కాటన్, ఆస్ట్రేలియా పైలట్. 1939లో స్పిట్‌ఫైర్‌లోంచి గన్‌లు పీకేసి, వాటి చోట కెమెరాలు పెట్టి, కీళ్లన్నీ నున్నగా మూసి, వేగమే ఆయుధంగా ఎత్తులో ఎగిరి ఫోటోలు తీసే పద్ధతిని రాయల్ ఎయిర్ ఫోర్స్‌కి నేర్పింది అతని టీమే. అలాంటి స్పిట్‌ఫైర్ మొదటిసారి పని మీద ఎగిరింది 1939 నవంబర్ 18న. కెమెరా కోసం డివైస్‌లో మిగతావన్నీ త్యాగం చేయడం మన ఫోన్ కంపెనీలు కనిపెట్టింది కాదన్నమాట. విమానం కింది నుంచి కనిపించకుండా కాటన్ ఒక లేత ఆకుపచ్చ రంగు తయారు చేయించి 'కామోటింట్' అని పేరు పెట్టాడు. ఫైటర్ల పొట్ట కింద వేసిన స్కైకి మూలం అదే.

ఇప్పుడు 1948కి రండి. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవనని భీష్మించుకుని కూర్చుంది, చుట్టూ దిగ్బంధం. అప్పుడు కరాచీ నుంచి రాత్రిళ్లు లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాం కోసం దొంగచాటుగా తుపాకులు మోసుకొచ్చిన వ్యక్తి ఎవరనుకున్నారు? ఇదే సిడ్నీ కాటన్.

అంటే నిజాం పేరున్న స్పిట్‌ఫైర్ పొట్టకి కాటన్ రంగు, ఎనిమిదేళ్ల తర్వాత నిజాం చేతికి కాటన్ తుపాకులు. ఇది తెలిశాక చిరుత పక్కకి పోయింది. ఈ విమానం కింది భాగాన్ని ఎవరూ చూడరని తెలిసినా, ఎక్కువ టైమ్ దానికే పెట్టా.

స్టిక్కర్ కాదు, టెంపర్డ్ గ్లాస్ అనుకోండి

'యూఎం' అక్షరాలు బూడిద రంగులో విడిగా డీకాల్ షీట్‌లో తెప్పించా. నీళ్లలో ముంచి, కాగితం మీద నుంచి జరిపి, మోడల్ మీదికి నెట్టాలి. గరుకు మ్యాట్ పెయింట్ మీద నేరుగా పెడితే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. టెంపర్డ్ గ్లాస్ కింద బుడగలు గుర్తు తెచ్చుకోండి, సేమ్ కేసు. అందుకే ముందు గ్లాస్ వార్నిష్ కొట్టి నున్నగా చేయాలి, తర్వాత డీకాల్, దాని మీద మెత్తబరిచే ద్రావణం, చివర్లో మళ్లీ మ్యాట్. ద్రావణం వేయగానే డీకాల్ ముడతలు పడి గుండె ఆగినంత పనవుతుంది. ముట్టుకోకండి. అరగంటలో దానంతట అదే సాఫ్ అవుతుంది. నేను ముట్టుకున్నా, ఒక 'ఎం' చిరిగింది.

మూడు నెలల బండికి ఇంత తుప్పా?

వెదరింగ్ అంటే కొత్తగా మెరిసే బొమ్మని వాడిన విమానంలా కనిపించేలా చేయడం. మసి, గీతలు, రంగు లేచిపోయిన చోట్లు, ఎండకి వెలిసిన మచ్చలు. ఈ హాబీలో అందరికీ ఇష్టమైన భాగం, అందరూ చెడగొట్టే భాగం కూడా ఇదే. నేనూ చెడగొట్టా.

ఆయిల్ పెయింట్ పలచగా కలిపి ప్యానెల్ గీతల్లోకి వదిలా. స్పాంజి ముక్కతో వెండి రంగు చిప్పులు. చివర్లో వీడియోలో చూసినట్టు రెక్క మీద ముదురు గోధుమ రంగు చారలు లాగా. ఫోటోలో సూపర్‌గా వచ్చింది, స్టేటస్ కూడా పెట్టేశా. సాయంత్రం గర్వంగా షెడ్డుకి పట్టుకెళ్లా. మామ కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశాడు.

"ఎన్నేండ్ల బండి రా ఇది?"

"ఏండ్లేంది మామా, మూడు నెలలు ఎగిరి ఉంటది అంతే. అప్పట్ల గంతకంటే ఎక్కువ బతికేటివి కావు."

"రేకు ఏంది?"

"అల్యూమినియం."

"అల్యూమినియంకి తుప్పు పడ్తదా?"

నోరు పడిపోయింది. నాలుగు నెలలుగా ఇంజిన్ మార్కు, ప్రొపెల్లర్ రకం, అక్షరాల ఎత్తు అన్నీ చదివినవాడిని, ఈ ప్రశ్న మాత్రం వేసుకోలేదు. ఉక్కుకి పడే తుప్పుని అల్యూమినియం మీద పూశా.

"ఇగో, బండి యాడ పాతవడ్తదో చూడాలంటే రింగ్ రోడ్ కాడికి పో. వరంగల్ బస్సులను చూడు. మనిషి చెయ్యి, కాలు యాడ పడ్తదో ఆడనే రంగు పోతది."

మర్నాడు నిజంగానే ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర గంటసేపు నిలబడ్డా. బస్సు మెట్టు అంచు మెరిసిపోయి ఉంది. పట్టుకునే రాడ్ దగ్గర రంగు లేదు. టాప్ మీద ఎండకి వెలిసిపోయింది, పక్కన కిటికీల కింద అసలు రంగు అలాగే ఉంది. డీజిల్ మూత కింద జిడ్డు చార. ఎగ్జాస్ట్ దగ్గర మసి. మిగతా బాడీ అంతా దాదాపు బాగానే ఉంది! అన్ని చోట్లా సమానంగా పాతబడిన బండి ఒక్కటి కూడా కనబడలేదు.

అది విమానానికి తెచ్చి చూసుకోండి. స్పిట్‌ఫైర్ కాక్‌పిట్ తలుపు ఎడమ వైపు ఉంటుంది. పైలట్, మెకానిక్ ఎక్కేది ఎడమ రెక్క మొదట్లో. కాబట్టి చెప్పుల అరుగు అక్కడే పడాలి, కుడి వైపు అంత ఉండకూడదు. తరచూ తీసే ఇంజిన్ కవర్ అంచుల్లో చిప్పులు ఉండొచ్చు. చుక్కాని మీద ఉన్నది రేకు కాదు, బట్ట. బట్ట మీద వెండి చిప్పు వేస్తే తప్పు. ప్రొపెల్లర్ డి హావిలాండ్ వారి మెటల్‌ది అయితే అంచున వెండి మెరుపు ఓకే, రోటోల్ వారి చెక్కది అయితే నో. రెక్కల్లో ఎనిమిది బ్రౌనింగ్ మెషిన్ గన్‌లు, వాటి రంధ్రాల మీద దుమ్ము, తేమ పోకుండా ఎర్ర బట్ట ముక్క అతికించేవారు. గన్ పేలిస్తే ఆ బట్ట చిరిగి, రెక్క కింద వెనక్కి మసి చార పడుతుంది. అంటే బట్ట చిరగకుండా ఉంచి కింద మసి పూస్తే కథ కుదరదు. రెండిట్లో ఒకటే.

ఇంకో లెక్క. 1/72 మీద 1 ఎంఎం చిప్పు అంటే నిజంలో 7.2 సెంటీమీటర్ల రంగు పెచ్చు. నేను రెక్క మీద అలాంటివి ఓ నలభై వేశా. ఇంటర్నెట్‌లో ఫేమస్ అయిన నల్లటి ప్యానెల్ గీతలు కూడా అంతే. ఆ సందులు నిజంగా అంత లావుంటే ఆ విమానం ఎవరూ ఎక్కరు. లైక్‌లు వస్తాయి కాబట్టి అందరూ చేస్తున్నారు, నా మట్టుకు అది ఓవర్.

కింద వార్నిష్ ఉండబట్టి ఆయిల్ పెయింట్ కొంత టర్పెంటైన్‌తో తుడిస్తే పోయింది. చిప్పులు పోలేదు. 2000 నంబర్ వాటర్ పేపర్‌తో రుద్ది, రెండు రెక్కల పైభాగం మళ్లీ కొట్టా, ఉదయం ఆరింటికి. ఈసారి మసికి సాఫ్ట్ పేస్టల్ చాక్‌ని వాటర్ పేపర్ మీద గీకి పొడి చేసి మెత్తని కుంచెతో రాశా. ఎగ్జాస్ట్ దగ్గర కారు నలుపు కాకుండా బూడిద కలిసిన గోధుమ. ఎడమ రెక్క మొదట్లో పెన్సిల్ గ్రాఫైట్ వేలితో ఒకసారి. అంతే, ఆపేశా. ఆపడం కష్టమైన పని, చేతులు ఊరికే ఉండవు.

ఫోటో తీయడం: పెద్ద కెమెరా కంటే ఫోనే మేలు

ఇది మన సబ్జెక్ట్ కాబట్టి కొంచెం వివరంగా. పెద్ద సెన్సర్ కెమెరాతో దగ్గరగా తీస్తే ముక్కు ఫోకస్‌లో, తోక బ్లర్‌లో ఉంటుంది. ఆ బ్లర్ చూడగానే మన మెదడు 'ఇది బొమ్మ' అని పట్టేస్తుంది. ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి ఎక్కువ భాగం షార్ప్‌గా వస్తుంది, మోడల్ నిజం విమానంలా కనిపిస్తుంది. కాబట్టి పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. అల్ట్రావైడ్ మ్యాక్రోకి బదులు కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్ లేదా 3ఎక్స్ వాడండి.

ముఖ్యమైంది ఎత్తు. ఈ స్కేల్‌లో 1.75 మీటర్ల మనిషి ఎత్తు 2.4 సెంటీమీటర్లు. మన కళ్లు ఆ ఎత్తులో ఉన్నట్టు తీస్తేనే విమానం పక్కన నిలబడ్డ ఫీల్ వస్తుంది. ఫోన్‌ని తలకిందులుగా తిప్పితే లెన్స్ టేబుల్‌కి ఆనుతుంది, సరిగ్గా సరిపోతుంది. లైట్‌కి రింగ్ లైట్ వద్దు, దాని గుండ్రని మెరుపు కాక్‌పిట్ అద్దంలో దొరికిపోతుంది. ఎండే బెస్ట్. యుద్ధ విమానానికి ఒకే సూర్యుడు, ఒకే నీడ.

మొత్తం ఖర్చు చాలామంది అడిగారు. కిట్ వెయ్యిన్నర లోపే. ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ సెట్‌కి ఆరు వేల దాకా, రంగులకి, డీకాల్స్‌కి ఇంకో రెండు వేలు. మాస్క్‌లు వేరే. మొదటి కిట్‌కి ఎయిర్‌బ్రష్ లేకుండా కుంచెతో, స్ప్రే డబ్బాతో కూడా చేయొచ్చు. చెడిపోయినా బాధపడని చిన్న కిట్‌తో మొదలుపెట్టండి.

పూర్తయిన విమానాన్ని పోయిన ఆదివారం షెడ్డుకి తీసుకెళ్లా. మామ మాస్క్ వేసుకుని ఒక ఆటోకి క్లియర్ కోటు కొడుతున్నాడు. మాస్క్ వేసుకున్నాడని నేను ఆశ్చర్యపోతే, "ఉక్క పోస్తుందిరా ఇందుల" అని తిట్టుకుంటూనే దాన్ని మెడ మీదికి లాగి, విమానం అందుకున్నాడు. ముందు ఎడమ రెక్క మొదట్లో వేలు పెట్టి చూశాడు. తర్వాత కుడి వైపు. ఏమీ అనలేదు. నిజాం కథ, కాటన్ కథ చెప్పా.

"అయితే మన పైసలతోని వాళ్ల బండికి రంగేసిన్రన్నట్టు" అన్నాడు. షెడ్డు బయటికొచ్చి చెయ్యెత్తి విమానాన్ని ఎండకి అడ్డం పట్టుకున్నాడు, పొట్ట కింది రంగు చూడటానికి. పైన ఉప్పల్ ఆకాశం తెల్లగా, దుమ్ము పట్టి ఉంది.

"కలుస్తలేదురా. సాఫ్ కనవడ్తుంది. ఇక్కడి ఆకాశానికైతే ఇంకింత తెలుపు కలపాలె."